ఈ కొలువు మీకు కాదు!

*ఉద్యోగమివ్వడంలో వివక్ష కూడదన్నది నియమం. ‘వీళ్లకే ఇవ్వండి’ అని చట్టమే చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అలా చెప్పినవి ఏవి, అవెలా పుట్టాయి, కోర్టులు ఎంతవరకు ఒప్పుకున్నాయి? బెజవాడ వీధుల నుంచి కృష్ణా డెల్టా పల్లెల దాకా...*

ఉదయం పది కావస్తోంది. విజయవాడ బీసెంట్ రోడ్డులో షట్టర్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. తోపుడుబండ్ల మీద జడపిన్నులు, సెల్‌ఫోన్ కవర్లు సర్దుకుంటున్నారు. ఓ బట్టల కొట్టు ముందు, అప్పుడే నీళ్లు చల్లిన మెట్ల మీద నిలబడి ఒకావిడ అద్దానికి అంటించిన కాగితం చదువుతోంది. ‘సేల్స్‌గర్ల్స్ కావలెను. వయసు 18–28. పెళ్లికానివారికి ప్రాధాన్యం.’ దాని కింద ఇంకో కాగితం: ‘గోడౌన్‌కు, క్యాష్ కౌంటర్‌కు మగవారు మాత్రమే.’ ఆవిడ ఉయ్యూరు బస్సు దిగి వచ్చింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి.

‘‘క్యాష్‌లో చేస్తానండీ. ఎనిమిదేళ్లు ఇదే పని చేశాను. ట్యాలీ కూడా వచ్చు.’’

‘‘అది మగపిల్లల పనమ్మా. రాత్రి పదింటిదాకా ఉండాలి.’’

‘‘ఉంటానండీ.’’

‘‘పిల్లలున్నారా?’’

‘‘ఇద్దరండీ.’’

‘‘సరేనమ్మా, చూసి చెబుతాం.’’

చూసి చెబుతామంటే ఏమిటో ఆవిడకి కొత్త కాదు. సంచి భుజానికి తగిలించుకుని ఏలూరు రోడ్డు వైపు నడిచింది.

అక్కడికి కాస్త దూరంలో బందరు రోడ్డు మీద, ఇందిరాగాంధీ స్టేడియం ఎదురుగా రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం. అక్కణ్నుంచి వచ్చే నోటిఫికేషన్లలోనూ ఇలాంటి మాటలే ఉంటాయి. ఇన్ని పోస్టులు మహిళలకు, ఇన్ని స్థానికులకు, ఇన్ని ఫలానా వర్గాలకు. ఈ పోస్టుకి ఇంత ఎత్తుండాలి, ఆ పోస్టుకి ఇంత చూపుండాలి.

కొట్టు అద్దం మీదా, నోటిఫికేషన్‌లోనూ ‘వీళ్లకే’ అనే ఉంది. కానీ నోటిఫికేషన్‌లోని ప్రతి ‘వీళ్లకే’నూ ఎవరో ఒకరు కోర్టుకు లాగారు, సర్కారు బోనులో నిలబడి ఎందుకో చెప్పుకోవాల్సి వచ్చింది. కొన్ని నిలిచాయి, కొన్ని కొట్టుకుపోయాయి. కొట్టు అద్దం మీది కాగితాన్ని మాత్రం ఎందుకని అడిగినవాళ్లు లేరు.

ఏడు మాటలు

రాజ్యాంగం 16వ అధికరణం సర్కారు కొలువుల గురించి చెబుతుంది. మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన ఊరు, నివాసం... ఈ ఏడింటిలో దేన్నీ కారణంగా చూపి ఎవరినీ కాదనకూడదు. ఆ వెంటనే, అదే అధికరణంలో మినహాయింపులూ మొదలవుతాయి. నివాసం అడగడానికి పార్లమెంటు చట్టం చేయొచ్చు. వెనకబడిన వర్గాలకు పోస్టులు కేటాయించొచ్చు. మతసంస్థల వ్యవహారాలు చూసే పదవికి ఆ మతస్థులే ఉండాలనొచ్చు. 2019లో ఆర్థికంగా వెనకబడినవారి కోటా కూడా వచ్చి చేరింది. మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లకు దారి 15వ అధికరణంలో ఉంది.

కాగితం మీద నాలుగు ముక్కలే. వాటిలో ఒక్క ‘నివాసం’ అన్న మాట కోసం ఈ ఊరు రక్తం చూసింది.

బ్యారేజీకి అటూ ఇటూ

నిజాం కాలంలో, 1919లో పుట్టిన ముల్కీ నిబంధనల ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో కొలువు కావాలంటే పదిహేనేళ్లు అక్కడ ఉండి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక తెలంగాణ ప్రాంత ఉద్యోగాలకు ఆ షరతును కొనసాగిస్తూ 1957లో పార్లమెంటు చట్టం చేసింది. 1969లో సుప్రీంకోర్టు దాన్ని తెలంగాణ విషయంలో కొట్టేసింది. రాష్ట్రంలో నివాసం అడగొచ్చుగానీ, రాష్ట్రంలోని ఒక భాగంలో నివాసం అడగడం కుదరదంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1972 అక్టోబరులో, అసలు పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని అదే కోర్టు తీర్పిచ్చింది. కోస్తా భగ్గుమంది. ‘జై ఆంధ్ర’ ఉద్యమానికి విజయవాడ గుండెకాయ అయింది. కాలేజీలు మూతపడ్డాయి, రైళ్లు ఆగాయి, కాల్పుల్లో కుర్రాళ్లు నేలకొరిగారు. ఉద్యమాన్ని ముందుండి నడిపిన కాకాని వెంకటరత్నం ఆ ఏడాది డిసెంబరు 25న గుండెపోటుతో కన్నుమూశారు.

ఆ మంట చల్లారడానికి వచ్చిందే 1973 నాటి ఆరు సూత్రాల పథకం. దాని కోసం రాజ్యాంగాన్నే సవరించి 371-డి అధికరణం చేర్చారు. 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. జిల్లా స్థాయి కొలువుల్లో 80 శాతం, జోనల్ స్థాయిలో 70, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం స్థానికులకే అన్నది అందులోని లెక్క. ‘లోకల్, నాన్‌లోకల్’ అని మన పిల్లలు ఊతపదంలా వాడే మాటలు ఆ ఉత్తర్వు నుంచి వచ్చినవే.

ఈ లెక్క ఎంత విడ్డూరమైన గీతలు గీసిందో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే తెలుస్తుంది. కిలోమీటరుకు పైగా పొడవు. ఇటు విజయవాడ, పాత కృష్ణా జిల్లా, ఉభయగోదావరులతో కలిసి రెండో జోన్. అటు సీతానగరం, గుంటూరు జిల్లా, ప్రకాశం, నెల్లూరులతో కలిసి మూడో జోన్. రోజూ సైకిల్ మీద బ్యారేజీ దాటి బెజవాడలో కూరలమ్ముకునే మనిషి కొడుకు అటు గట్టునే చదువుకుంటే, ఇటు గట్టున జోనల్ పోస్టుకు నాన్‌లోకల్. రెండొందల కిలోమీటర్ల అవతల తునిలో చదివిన కుర్రాడు లోకల్!

స్థానికత తేలేది చదువుతోనే. అందుకే డెల్టా పల్లెల్లో ఉద్యోగం మాట ఎత్తగానే వెతికే మొదటి కాగితం నాలుగు నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్. పామర్రులో రెండేళ్లు, గుడివాడలో మూడేళ్లు, మిగతాది హైదరాబాద్ హాస్టల్లో చదివినవాళ్ల తల్లిదండ్రులు వేళ్ల మీద లెక్కలు వేసుకుంటారు. ఒకచోట మూతపడిన ప్రైవేటు బడి రికార్డులు దొరకవు. ఇంకోచోట ఇంటిపేరులో ఒక అక్షరం తేడా. రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ నుంచి అమరావతికి తరలివచ్చిన ఉద్యోగుల పిల్లలకు ఈ గండం తప్పించడానికి 2016లో ఉత్తర్వును సవరించాల్సి వచ్చింది. 2022లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడినా, 2025 మెగా డీఎస్సీలోని 16,347 టీచర్ పోస్టులను పాత జిల్లాల లెక్కనే చూపారు.

ప్రైవేటు కర్మాగారాల్లోనూ 75 శాతం స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్ర శాసనసభ చట్టం చేసింది. అలాంటి చట్టాన్నే హరియాణా తెస్తే 2023 నవంబరులో పంజాబ్–హరియాణా హైకోర్టు కొట్టిపారేసింది.

మూడో వంతు లెక్క

2025 ఫిబ్రవరి 22. మర్నాడే గ్రూప్-2 మెయిన్స్. 905 పోస్టులు. పుస్తకాలు మూసి నిద్రపోవాల్సిన రాత్రి వందలమంది అభ్యర్థులు విశాఖలో రోడ్డెక్కారు. ఏ నంబరు పోస్టు ఎవరికో చెప్పే రోస్టర్ తప్పుల తడకగా ఉందని, సరిదిద్దాకే పరీక్ష పెట్టాలని వాళ్ల డిమాండు. వాయిదా వేయమని ప్రభుత్వమూ లేఖ రాసింది. కమిషన్ మాత్రం అనుకున్న రోజునే పరీక్ష జరిపింది. పరీక్ష హాలు దాకా ఏది నిజమో తెలియక, రాత్రంతా ఫోన్లు చూసుకుంటూ గడిపిన పిల్లలు వాళ్లు.

ఈ గొడవ మూలాలు నలభై ఏళ్ల వెనక ఉన్నాయి. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం సర్వీసు నిబంధనల్లో 22-ఏ చేర్చింది. ఆడవాళ్లూ మగవాళ్లూ సమానంగా చేయగల పోస్టుల్లో, మిగతా అర్హతలు సమానమైతే, కనీసం 30 శాతం మేర మహిళలకు ప్రాధాన్యమివ్వాలి. లింగాన్ని బట్టి ఉద్యోగమిస్తే 16వ అధికరణాన్ని మీరినట్టేనని హైకోర్టు ఆ నిబంధనను తప్పుపట్టింది. సర్కారు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పి.బి. విజయకుమార్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో 1995 మే 12న తీర్పొచ్చింది. రాసింది జస్టిస్ సుజాతా మనోహర్. శతాబ్దాలుగా స్త్రీలు సామాజికంగా, ఆర్థికంగా వెనకబడి ఉన్నారని, దాన్ని సరిచేయాలంటే కొలువులు దక్కాలని, 15వ అధికరణం చెప్పిన ‘ప్రత్యేక ఏర్పాటు’లో ఉద్యోగమూ భాగమేనని తేల్చారు. ఒక తెలుగు నిబంధన మీద వచ్చిన ఆ తీర్పు దేశమంతటికీ దారి చూపింది. తర్వాత రాష్ట్రంలో ఆ వాటా మూడో వంతుకు పెరిగింది.

మరి తగువెక్కడ? లెక్కించే పద్ధతిలో. ఒక వర్గానికి 9 పోస్టులున్నాయనుకుందాం. అందులో మహిళల వాటా 3. మెరిట్ ప్రకారం 9 మందిని తీస్తే వాళ్లలో ముగ్గురు ఆడపిల్లలు ఉండనే ఉన్నారు. వాటా పూర్తయినట్టే, ఇంకెవర్నీ చేర్చక్కర్లేదు. ఒక్కరే ఉంటే, చివరి ఇద్దరు మగపిల్లల స్థానంలో తర్వాతి మెరిట్‌లో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు వస్తారు. సమాంతర రిజర్వేషన్ అంటే ఇదే. అలా కాకుండా ఫలానా నంబరు పోస్టు మహిళకని ముందే రోస్టర్లో గుర్తు పెట్టేస్తే, మెరిట్‌లో వచ్చిన ముగ్గురూ కాక ఇంకో ముగ్గురు చేరతారు. మహిళలకు ముందుగా రోస్టర్ పాయింట్లు పెట్టొద్దని 2023 ఆగస్టులో 77వ నంబరు జీవో వచ్చింది. గ్రూప్-2లో దాన్ని పాటించలేదన్నది అభ్యర్థుల ఫిర్యాదు.

మినహాయింపు సరైనదైనా లెక్క స్పష్టంగా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ రాత్రి చాలు. అవకాశం పోయిందనుకున్న కుర్రాడి కోపం రోస్టర్ మీద ఆగదు, పక్క బెంచీలో కూర్చుని తనలాగే కష్టపడి చదివిన అమ్మాయి మీదికి మళ్లుతుంది. ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు.

> కొలతల కొలువు
>
> ● కానిస్టేబుల్ పోస్టుకు పురుషుల ఎత్తు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5. ఏజెన్సీ ప్రాంత గిరిజనులకు ఈ కొలత 160, 150. ఒకే కొలువుకు నాలుగు కొలబద్దలు!
>
> ● హెచ్ఐవీ ఉందని కానిస్టేబుల్ ఉద్యోగం నిరాకరించిన కేసులో 2006లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభ్యర్థి పక్షాన నిలిచింది. పని చేయగల ఒంటి సత్తువ ఉండగా జబ్బు పేరు చెప్పి కాదనడం రాజ్యాంగ విరుద్ధమంది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్ఐవీ చట్టం ఈ రక్షణను ప్రైవేటు సంస్థలకూ వర్తింపజేసింది.
>
> ● రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా ఆడవాళ్లను ఫ్యాక్టరీలో పనిలో పెట్టుకోవద్దన్న 1948 నాటి నిబంధనను మన హైకోర్టు 2002లో కొట్టేసింది. రక్షణ పేరుతో పెట్టిన మినహాయింపు ఆడవాళ్ల కూటికే అడ్డం పడుతోందన్నది వాదన. ఇప్పుడు కొత్త లేబర్ కోడ్ ప్రకారం, మహిళ ఒప్పుకుంటే, భద్రత కల్పించి రాత్రి పని ఇవ్వొచ్చు.

కొండ మీది కొలువు

ఇంద్రకీలాద్రి మెట్ల దారిలో దసరా రోజుల్లో వేలమంది కదులుతుంటే, టిక్కెట్లిచ్చేవాళ్లు, ప్రసాదాలు కట్టేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు తెల్లవార్లూ పనిచేస్తుంటారు. దేవాదాయ శాఖ కిందున్న ఆలయాల్లో ఉద్యోగులు హిందూ మతాన్ని అనుసరించేవారై ఉండాలి. సర్కారు ఆజమాయిషీ ఉన్న కొలువుకు మతం అడగడం మామూలుగా కుదరదు. 16వ అధికరణంలోని అయిదో క్లాజు ఇక్కడ అనుమతిస్తోంది.

తిరుమల తిరుపతి దేవస్థానాల్లో ఈ నిబంధన 1989 నుంచీ ఉంది. 2024 నవంబరులో కొత్త పాలకమండలి అన్యమత ఉద్యోగులను కొనసాగించకూడదని తీర్మానించింది. 2025 ఫిబ్రవరిలో 18 మందిపై చర్యలకు దిగింది. టీ కొట్ల దగ్గర దీని మీద వాదోపవాదాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. గుడిలో సేవచేసే మనిషికి ఆ దేవుడి మీద నమ్మకం ఉండాలనడంలో తప్పు కనబడదు. కానీ దేవస్థానం కాలేజీలూ ఆస్పత్రులూ నడుపుతోంది. అక్కడ లెక్కలు చెప్పే మాస్టారి కొలువూ, సెలైన్ పెట్టే నర్సు కొలువూ ‘మతసంస్థ వ్యవహారాల’ కిందికే వస్తాయా? రాజ్యాంగం రాసినవాళ్లు ఆ క్లాజులో వాడిన మాటలు కొద్ది. వాటిని ఎంతదాకా సాగదీయొచ్చో తేల్చే బాధ్యత మనదే.

ఏడు మాటల్లో ‘వంశం’ కూడా గుడి చుట్టూనే తిరిగింది. తాత అర్చకుడైతే మనవడూ అర్చకుడే అన్న మిరాశీ హక్కును 1987 దేవాదాయ చట్టం రద్దు చేసింది. తిరుమల అర్చకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996లో నారాయణ దీక్షితులు కేసులో కోర్టు చట్టాన్ని సమర్థించింది. పూజ ఎలా చేయాలన్నది ఆగమం చెబుతుంది, ఎవరిని నియమించాలన్నది పుట్టుకను బట్టి తేలాల్సిన విషయం కాదంది. అయితే డెల్టా పల్లెల్లో రెండెకరాల మాన్యం, నాలుగు గింజల నైవేద్యం మీద బతికే అర్చక కుటుంబాలకు అది తల మీద పిడుగే అయింది. 2007లో చట్టాన్ని సవరించి ఆ కుటుంబాలకు మళ్లీ వెసులుబాటు ఇచ్చారు.

డెల్టాలో మతానికీ కొలువుకూ మధ్య ముడి ఇంకోచోట మరింత బిగుసుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితులు క్రైస్తవం తీసుకుంటే ఎస్సీ హోదా పోతుంది. రాష్ట్రంలో వాళ్లకు బీసీ-సి కింద ఇచ్చింది ఒక్క శాతం. ఎస్సీల వాటా 15 శాతం. ఒకే పల్లెలో, ఒకే వీధిలో, అన్నదమ్ముల పిల్లలు. ఒకరి సర్టిఫికెట్ మీద ఎస్సీ, ఇంకొకరి దాని మీద బీసీ-సి. ఊరు ఇద్దరినీ చూసే చూపు ఒక్కటే. మతం మార్చుకున్న దళిత తల్లిదండ్రులకు పుట్టిన యువకుడు తిరిగి హిందువై మెడికల్ సీటు అడిగితే, వివాదం గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి సుప్రీంకోర్టు దాకా పోయింది. కులం తిరిగి కలుపుకుంటే ఎస్సీగానే చూడాలని 1976లో కోర్టు చెప్పింది. ఉద్యోగాలకూ ఆ సూత్రమే. గుడికి వెళ్తావా, చర్చికి వెళ్తావా అన్నది మనిషి తనలో తాను తేల్చుకోవాల్సిన సంగతి. దాన్ని కొలువు దరఖాస్తుతో ముడిపెట్టిన ఈ నిబంధన డెల్టాలో ఎంతమందిని సగం మాటల్లో బతికిస్తోందో ఆ పల్లెలకు వెళ్తే అర్థమవుతుంది.

రంగులు తేలని కళ్లు

ఒక ఆర్టీసీ డ్రైవర్ కథ ఇటీవలిదే. 2014లో ఉమ్మడి సంస్థలో చేరాడు. తర్వాతి వైద్య పరీక్షలో రంగులు గుర్తించలేడని తేలింది. ఎర్రదీపం, పచ్చదీపం తేడా తెలియని మనిషికి నలభై మంది ప్రాణాలున్న స్టీరింగ్ ఇవ్వకూడదు. అది వివక్ష కాదు, పనికి అవసరమైన అర్హతే. కానీ సంస్థ అక్కడ ఆగకుండా, వేరే పని చూపకుండా ఇంటికి పంపింది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆ డ్రైవర్ మొర ఆలకించింది. రంగులు తేలని డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగమివ్వాలని 1979లో కార్మికులతో కుదుర్చుకున్న ఒప్పందం ఉండగా ఇలా చేయడం తగదంది. తెలంగాణ ఆర్టీసీ ఆ మనిషికి తగిన కొలువు ఇవ్వాలని, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలని ఆదేశించింది.

పండిట్ నెహ్రూ బస్టాండులో టైమ్‌టేబుల్ చదివి వినిపించే మైకు దగ్గరా, టిక్కెట్ కౌంటర్లోనూ, డిపో స్టోర్‌లోనూ రంగులతో పనిలేని కుర్చీలు ఎన్నో ఉంటాయి. ఏ మినహాయింపు అయినా నిలబడాలంటే అది ఆ పనికి ఎంత అవసరమో అంతవరకే ఉండాలి. ఈ తీర్పులో కనబడేది ఆ కొలతే.

అద్దం మీది కాగితం సంగతేంటి?

ఇప్పుడు మళ్లీ బీసెంట్ రోడ్డు. 16వ అధికరణం సర్కారు కొలువులకే. ప్రైవేటు యజమాని కులం చూసో, మతం చూసో ఉద్యోగం లేదంటే నేరుగా అడ్డుకునే సమగ్ర చట్టం మన దేశంలో లేదు. అంటరానితనం పేరుతో పని నిరాకరిస్తే 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం శిక్షిస్తుంది. ట్రాన్స్‌జెండర్లను కాదనకూడదని 2019 చట్టం చెబుతుంది. వీటికి బయట ఉన్నవాళ్లకు ఆసరా చాలా తక్కువ. 15వ అధికరణం ప్రకారం చీర కొనడానికి వచ్చిన మనిషిని కులం పేరుతో కొట్టు గుమ్మం దగ్గర ఆపకూడదు. అదే మనిషి చీరలు అమ్మే పని అడగడానికి వస్తే రాజ్యాంగంలో ఆ భరోసా లేదు. ఇది అన్యాయమని చెప్పడానికి పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు.

ఆడ, మగ తేడా మాత్రం వేరు. ఒకే రకం పనికి మనుషుల్ని తీసుకునేటప్పుడు స్త్రీల పట్ల వివక్ష చూపొద్దని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది. మీరితే కనీసం పది వేల రూపాయల జరిమానా, లేదా మూడు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ‘మగవారు మాత్రమే’ కాగితాలు అప్పుడూ ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఆ చట్టం స్థానంలోకి వచ్చింది. ఇప్పుడు ఆడవాళ్లనే కాదు, మగవాళ్లనూ లింగం పేరుతో కాదనకూడదు. అంటే ‘సేల్స్‌గర్ల్స్ కావలెను’ కాగితానికీ జవాబు చెప్పాల్సిందే. శిక్ష మాత్రం తగ్గింది. మొదటిసారి ఇరవై వేల దాకా జరిమానాయే. అదీ, సరిదిద్దుకోమని ముందుగా రాతపూర్వకంగా గడువిచ్చాకే.

పెళ్లి గురించి అడగడం ఈ కోడ్‌లో ఎక్కడా పేరుపెట్టి లేదు. 2024 జూన్‌లో తమిళనాడు శ్రీపెరంబుదూరు దగ్గర ఐఫోన్లు బిగించే కర్మాగారంలో పెళ్లయిన ఆడవాళ్లను తీసుకోవడం లేదన్న వార్తలు దుమారం రేపితే కేంద్రం నివేదిక అడిగింది. బెజవాడ కొట్లలో ‘పిల్లలున్నారా?’ అన్న ప్రశ్నకు నివేదిక అడిగేవారెవరు?

గ్రూప్-2 రాసిన అభ్యర్థి చేతిలో నోటిఫికేషన్ ఉంటుంది, హాల్‌టిక్కెట్ ఉంటుంది, మార్కుల జాబితా ఉంటుంది. అవి పట్టుకుని హైకోర్టు గడప ఎక్కొచ్చు. అద్దం మీది కాగితాన్ని చింపేయడానికి యజమానికి ఒక్క నిమిషం చాలు. ఎనిమిదేళ్ల అనుభవం, ట్యాలీ తెలిసిన ఉయ్యూరు మహిళ దగ్గర ‘చూసి చెబుతాం’ అన్న మాటకు సాక్ష్యంగా చూపించే చిన్న చీటీ కూడా లేదు. సాయంత్రం నాలుగింటికి ఆవిడ గవర్నర్‌పేటలో ఇంకో కొట్టు మెట్ల మీద ఉంది. ఈసారి పిల్లల గురించి అడగకముందే, వాళ్లను చూసుకోవడానికి ఇంట్లో అత్తగారున్నారని తనే చెప్పింది.